ముందు కార్బన్, ఆ తర్వాతే క్లోరిన్

సంపాదకులకు నమస్కారం.

కాలువలు కట్టేసే, అంటే వాటికి నీరు ఆపేసే, రోజులు దగ్గరపడుతున్నాయంటే గోదావరి డెల్టా పంచాయతీల్లో రెండు పనులు జోరందుకుంటాయి. ఒకటి మంచినీటి చెరువు నింపుకోవడం, రెండోది ఫిల్టర్ల గురించి మాట్లాడుకోవడం. ఈమధ్య ఆ మాటల్లో "మోడిఫైడ్ కార్బన్", అంటే నీటి శుద్ధి కోసం మార్పు చేసిన బొగ్గు, అన్న పేరు తరచుగా వినబడుతోంది. మామూలు కార్బన్ కంటే ఎన్నో రెట్లు మేలైనదనీ, ఉప్పు దగ్గర్నుంచి పురుగుమందు దాకా అన్నిటినీ పట్టేస్తుందనీ చెప్పి అమ్ముతున్నారు. అందులో కొంత నిజం ఉంది, చాలా అబద్ధం ఉంది. ఏ మార్పు చేసిన కార్బన్ దేన్ని పడుతుంది, శుద్ధి వరుసలో దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎంత పోయాలి అన్నవి తెలియకుండా కొంటే అది కొన్నాళ్లకే నల్ల ఇసుకతో సమానం. టెండరు రాసేవారికీ, గ్రామసభలో లేచి ప్రశ్న అడిగేవారికీ పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాం.

ముందు మన నీళ్ల సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పల్లెల తాగునీరు కాలువల మీద ఆధారపడింది. తీరం వైపు మొగల్తూరు, నరసాపురం, సఖినేటిపల్లి, కాట్రేనికోన మండలాల్లో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే కాబట్టి చెరువు తప్ప దిక్కులేదు. దాళ్వా (రెండో పంట) చివర్లో చెరువు నింపి, కాలువ కట్టేశాక మళ్లీ నీరు వదిలేదాకా అదే వాడుకోవాలి. ఎండకు నీరు తగ్గుతూ చిక్కబడుతుంది. నాచు పెరుగుతుంది, చస్తుంది, అడుగున కుళ్లుతుంది. నీటికి మట్టివాసన, బూజువాసన వస్తాయి. ఆ వాసనకు కారణం జియోస్మిన్, ఎంఐబీ అనే రెండు పదార్థాలు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. లీటరు నీటిలో ఇవి పది నానోగ్రాములు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. బ్లీచింగ్ ఎంత కలిపినా ఇవి పోవు. దీనికి తోడు దాళ్వా చేలల్లో వాడిన కలుపుమందు, పురుగుమందుల అవశేషాలు, పశువుల పేడ, ఆకుల రసం వల్ల వచ్చే పసుపు రంగు, చేపల చెరువుల నీరు కలిసిన చోట అమోనియా. మన చెరువు నీటికి కార్బన్ ఎందుకు కావాలి అంటే వీటిలో కొన్నిటి కోసం. అన్నిటి కోసం కాదు.

యాక్టివేటెడ్ కార్బన్ అంటే గుల్లచేసిన బొగ్గు. కొబ్బరి చిప్పను గాలి తగలకుండా కాలిస్తే చిప్పబొగ్గు వస్తుంది. దాన్ని 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో నీటి ఆవిరి పట్టిస్తే బొగ్గు లోపల కోట్లాది సన్నని రంధ్రాలు పడతాయి. మంచి చిప్ప కార్బన్ ఒక్క గ్రాము లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు, మన లెక్కలో పాతిక సెంట్ల నేల. కాలుష్య పదార్థం వచ్చి ఆ గోడకు అంటుకుంటుంది. జల్లెడ పట్టినట్టు అడ్డుకోవడం కాదు, గోడకు పట్టి ఉంచడం. ఈ తేడా గుర్తుంటే మిగతా అంతా తేలిగ్గా అర్థమవుతుంది. నీటిలో కలిసి ఉండడానికి పెద్దగా ఇష్టపడని పదార్థాలు, అంటే వాసననిచ్చేవి, పురుగుమందులు, నూనెలాంటివి, గోడకు బాగా అంటుకుంటాయి. నీటిలో హాయిగా కరిగి ఉండేవి, అంటే ఉప్పు, నైట్రేట్, ఫ్లోరైడ్, కాల్షియం, అమోనియా అంటుకోవు. అందుకే ఏ కార్బన్ ఫిల్టరూ టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) తగ్గించదు. మీటరు పెట్టి టీడీఎస్ తగ్గిందని చూపించి కార్బన్ అమ్మేవారు ఉంటే, ఆ డబ్బాలో ఆర్‌వో పొర గానీ రెజిన్ (లవణాలను పట్టే గుళికలు) గానీ దాగి ఉందన్నమాట.

చిప్ప కార్బన్ మన కోనసీమ సరుకు కదా అని దాన్నే అన్నిటికీ వాడమనడం కూడా సరికాదు. చిప్ప కార్బన్ రంధ్రాలు చాలావరకు 2 నానోమీటర్ల కంటే సన్నవి. వాసన పదార్థాలు, చిన్న అణువులున్న పురుగుమందులు అందులో చక్కగా ఇముడుతాయి. ఆకులు కుళ్లిన పసుపు రంగు అణువులు పెద్దవి, వాటికి ఆ గుమ్మం చాలదు. లోపలికి పోలేక గుమ్మంలోనే కూర్చుని, వెనక వచ్చే పురుగుమందుకు కూడా దారి మూసేస్తాయి. రంగు ఎక్కువ ఉన్న చెరువుకు ముందు పటికతో రంగు తగ్గించి ఆ తర్వాత చిప్ప కార్బన్ వాడాలి. లేదా ఫాస్ఫారిక్ ఆమ్లంతో గుల్లచేసిన కర్ర కార్బన్ పై పొరగా వేయాలి. దాని రంధ్రాలు వెడల్పు.

ఇక మార్పు చేయడం. కార్బన్ గోడల మీద కొత్త రసాయన గుంపులను పుట్టించడం, లేదా గోడకు లోహపు పూత వేయడం, ఈ రెండే అసలు మార్పులు. ఏ మార్పు చేసినా కొన్ని రంధ్రాలు మూసుకుపోతాయి. ఒకదానికి బలం పెంచుకుంటే ఇంకొకదానికి బలం తగ్గుతుంది. అన్నిటికీ మేలైన మోడిఫైడ్ కార్బన్ ఉండదు అని మేము గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

నైట్రిక్ ఆమ్లంలో ఉడికించిన కార్బన్ గోడల మీద ఆమ్ల గుంపులు ఏర్పడతాయి. అవి సీసం, కాడ్మియం, రాగి వంటి లోహాలను పడతాయి. అదే కార్బన్ పురుగుమందును మునుపటంత పట్టదు, ఎందుకంటే ఆ గుంపుల చుట్టూ నీరే పోగవుతుంది. దీన్ని ఇళ్లలోనూ చిన్న షెడ్లలోనూ చేయాలని చూడొద్దు. కార్బన్, గాఢ నైట్రిక్ ఆమ్లం కలిసినప్పుడు వేడి తన్నుకొస్తుంది, ఎర్రని విషపు పొగ లేస్తుంది. ఈ కార్బన్ అమోనియాను పడుతుందని కొందరు ప్రచారం చేస్తున్నారు. స్వేదనజలంలో అమోనియా ఒక్కటే కలిపి చూస్తే పడుతుంది. మన నీటిలో కాల్షియం, సోడియం దానికంటే ఎన్నో రెట్లు ఉంటాయి, చోటంతా అవే ఆక్రమిస్తాయి.

వెండి పూసిన కార్బన్ ఇళ్ల ఫిల్టర్లలో ఎక్కువగా వస్తుంది. వెండి పని కార్బన్ మీద సూక్ష్మజీవులు గూడు కట్టకుండా కొంత ఆపడం. నీటిలో వచ్చే క్రిములను చంపి సురక్షితం చేయడం దాని పని కాదు, ఆ కొద్ది సెకన్లలో అది సాధ్యం కూడా కాదు. తాగునీటిలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. కాబట్టి కొత్త కార్ట్రిడ్జ్ పెట్టినప్పుడు మొదటి పది ఇరవై లీటర్లు పారబోయడం మంచిది.

అల్యూమినియం, జిర్కోనియం పూసినవి ఫ్లోరైడ్ కోసం. అది మెట్ట ప్రాంతాల బాధ, డెల్టా చెరువులకు దాదాపు అక్కర్లేదు. గంధకం పట్టించినది పాదరసం కోసం. అదీ మనకు అక్కర్లేదు.

మనకు నిజంగా పనికొచ్చే మార్పులు రెండు. మొదటిది నత్రజనితో మార్చిన కార్బన్. బజారులో క్యాటలిటిక్ కార్బన్ అంటారు. క్లోరిన్ అమోనియాతో కలిస్తే క్లోరమైన్ అవుతుంది. వేసవిలో కుళాయి నీటికి ఈత కొలను వాసన రావడానికి కారణం చాలాసార్లు అదే. మామూలు కార్బన్ క్లోరమైన్‌ను చాలా నెమ్మదిగా విడగొడుతుంది, ఈ కార్బన్ త్వరగా విడగొడుతుంది. ఆర్‌వో ప్లాంట్లు నడిపేవారికి ఇది ముఖ్యం. గంటకు 1000 లీటర్ల ప్లాంటులో మామూలుగా 25 కిలోల బస్తాలు రెండు పోస్తారు. అంటే సుమారు 100 లీటర్ల కార్బన్. ఆర్‌వో సగం నీరు వదిలేస్తుంది కనుక లోపలికి పోయే నీరు గంటకు 2000 లీటర్లు. కార్బన్‌తో నీటి సావాసం మూడు నిమిషాలు. మామూలు క్లోరిన్‌కు అది సరిపోతుంది, క్లోరమైన్‌కు సరిపోదు. క్లోరమైన్ తప్పించుకుని పొర మీదికి పోతుంది, పొర ఆయుష్షు తగ్గుతుంది, యజమాని నాసిరకం పొర ఇచ్చారని అమ్మినవాడిని తిడతాడు.

రెండోది ఇనుము పూసిన కార్బన్. ఇది ఫాస్ఫేట్‌ను, ఆర్సెనిక్‌ను పడుతుంది. మన దగ్గర కాలేజీ ప్రాజెక్టుల్లో విద్యార్థులు దీన్ని ఎక్కువగా చేస్తున్నారు కాబట్టి పద్ధతి వివరంగా చెబుతాం. 100 గ్రాముల కార్బన్ గింజలను, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు సైజువి, నీరు తేటగా వచ్చేదాకా కడిగి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 24 గ్రాములు అర లీటరు స్వేదనజలంలో కరిగించాలి. అందులో ఇనుము 5 గ్రాములు ఉంటుంది. కార్బన్ అందులో వేసి ఒక రోజంతా ఊరనివ్వాలి. రంధ్రాల్లో గాలి నిండి ఉంటుంది గనుక మొదట్లో గింజలు తేలుతాయి. అవి మునిగేదాకా అప్పుడప్పుడు కలుపుతూ ఉండాలి. తర్వాత పలచని కాస్టిక్ సోడా ద్రావణాన్ని చుక్కచుక్కగా, కలుపుతూ, పీహెచ్ 7 వచ్చేదాకా పోయాలి. మొత్తం సుమారు 11 గ్రాముల సోడా పడుతుంది.

సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. తొందరపడి ఒక్కసారి పోస్తే ఇనుము రంధ్రాల లోపల కాకుండా బయట ఎర్రని బురదగా పేరుకుంటుంది. కడిగితే కారిపోతుంది. ఎర్రనీళ్లు ఆగకుండా వస్తుంటే ఆ తడవ పోయినట్టే, మళ్లీ మొదలుపెట్టాలి. సరిగ్గా కుదిరితే కొద్ది కడుగులతో నీరు తేటపడుతుంది. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు, తెల్లబడితే క్లోరైడ్ ఇంకా ఉందని. చివరగా 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. పొయ్యి ఖాళీగా ఉందని 200 డిగ్రీలకు పెడితే ఇనుము పొర గట్టిపడి స్ఫటికంగా మారుతుంది, పట్టే శక్తి చాలావరకు పోతుంది. ఇనుము ఎక్కువ వేస్తే మేలని 20 శాతం వేసేవారున్నారు. రంధ్రాలు మూసుకుపోవడం తప్ప లాభం లేదు.

పరీక్ష విషయంలో అధ్యాపకులకు ఒక విన్నపం. మెథిలీన్ బ్లూ రంగును లీటరుకు 50 మిల్లీగ్రాములు స్వేదనజలంలో కలిపి, 98 శాతం తొలగించాం అని రాస్తే అది మన చెరువు గురించి ఏమీ చెప్పదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుకు తాగునీటి పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. అంటే ఆ రంగు మోతాదులో యాభై వేలవ వంతు. ఊరి చెరువు నీటినే తెచ్చి, అందులో ఉన్న ఆకురసంతో సహా, గొట్టంలో కార్బన్ నింపి వారాల తరబడి పారించి చూడాలి. ఫలితం 98 నుంచి 40కి పడిపోవచ్చు. ఊరికి పనికొచ్చేది ఆ 40 అంకే.

ఇప్పుడు ఈ ఉత్తరంలో అసలు విషయం. మన పల్లెల్లో చెరువు నీటికి ముందుగా బ్లీచింగ్ చల్లే అలవాటుంది. చెరువులోనే చల్లుతారు, లేదా ఇసుక ఫిల్టరుకు ముందు కలుపుతారు. దానివల్ల మూడు నష్టాలు. ఒకటి, నెమ్మదిగా పారే ఇసుక ఫిల్టరు పనిచేసేది ఇసుక వల్ల కంటే ఎక్కువగా దాని మీద పేరుకునే జీవపొర వల్ల. బ్లీచింగ్ ఆ పొరను చంపేస్తుంది. రెండు, ఆకురసంతో క్లోరిన్ కలిసి క్లోరోఫాం, దాని బంధువులు పుడతాయి. నీటిలో క్లోరోఫాం లీటరుకు 0.2 మిల్లీగ్రాము మించకూడదు. పుట్టాక కార్బన్‌తో తీయొచ్చు కదా అంటారు. కార్బన్ క్లోరోఫాంను బలంగా పట్టి ఉంచలేదు. కొన్ని వారాలు ఆపి తర్వాత వదిలేస్తుంది. మూడు, క్లోరిన్ కార్బన్‌ను తాకగానే ఖర్చయిపోతుంది. ఫిల్టరు దాటిన నీటికి రక్షణ ఏమీ ఉండదు. ఓవర్‌హెడ్ ట్యాంకులో, పైపుల్లో ఏ క్రిమి చేరినా అడ్డేది లేదు. వాసన లేని తేట నీరు తాగి ఊరంతా విరేచనాలపాలు కావచ్చు.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. చెరువు, అవసరమైతే పటికతో తేర్చడం, ఇసుక ఫిల్టరు, కార్బన్, ఆ తర్వాత క్లోరిన్. క్లోరిన్ కలిపాక అరగంట ట్యాంకులో ఉండాలి, చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాము మిగలాలి. చెరువులో బ్లీచింగ్ చల్లడం మానేయాలి.

అమోనియా ఉంటే లెక్క మారుతుంది. ఒక మిల్లీగ్రాము అమోనియా నత్రజనిని (అమోనియాలో ఉన్న నత్రజని బరువు) పూర్తిగా విడగొట్టడానికి 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. అంతదాకా మిగులు క్లోరిన్ నిలవదు, క్లోరమైనే తయారవుతుంది. 5000 మంది ఉన్న ఊరికి మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 2,75,000 లీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రాము అమోనియా నత్రజని ఉంటే దానికే రోజూ 2.75 కిలోల దాకా క్లోరిన్, అంటే తాజా బ్లీచింగ్ పొడి 9 కిలోల దాకా. నిలవ ఉండి సత్తువ పోయిన పొడి అయితే ఇంకా ఎక్కువ. ఇంత పోయడం కంటే మేలైన దారి ఉంది. ఇసుక ఫిల్టరు తర్వాత క్లోరిన్ కలపకుండా కార్బన్ గుండా పారిస్తే కొన్ని వారాల్లో కార్బన్ మీద మేలుచేసే సూక్ష్మజీవులు స్థిరపడి అమోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. వాటికి గాలి కావాలి. ఒక మిల్లీగ్రాము అమోనియా నత్రజనికి 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ చొప్పున ఖర్చవుతుంది. 30 డిగ్రీల నీటిలో ఉండగలిగే ఆక్సిజనే లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు. అందుకని అమోనియా నత్రజని లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము మించిన నీటిని ముందు మెట్ల మీదుగా జారవిడిచి గాలి పట్టించాలి. కార్బన్‌కు ఏ రసాయనం పూయకుండానే జరిగే మార్పు ఇది. ఆమ్లంతో చేసిన ఖరీదైన మార్పు కంటే అమోనియాకు ఇదే నయం అని మా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త. మోటారు రాత్రంతా ఆగితే ఆ జీవులు గాలి అందక చస్తాయి, పొద్దున నీటికి కుళ్లువాసన వస్తుంది. తక్కువ ప్రవాహమైనా ఇరవై నాలుగు గంటలూ పారేటట్టు చూడాలి. కరెంటు పోయి ఆగితే మొదటి పావుగంట నీటిని బయటికి వదిలేయాలి.

ఎంత కార్బన్ పోయాలి? నీరు కార్బన్‌తో ఎన్ని నిమిషాలు ఉంటుందన్నదే కొలమానం. వాసనకు, పురుగుమందుకు 10 నుంచి 20 నిమిషాలు కావాలి. పైన చెప్పిన ఊరికి రోజంతా పారిస్తే గంటకు పదకొండున్నర ఘనమీటర్లు. 15 నిమిషాలంటే 2.9 ఘనమీటర్ల కార్బన్, బరువు సుమారు 1450 కిలోలు. దీన్ని ఒకే ట్యాంకులో పోయొద్దు. 1.25 మీటర్ల వ్యాసం, లోపల 1.2 మీటర్ల ఎత్తు కార్బన్ ఉండేలా రెండు ట్యాంకులు, ఒకదాని తర్వాత ఒకటి. మొదటిది నిండిపోయాక దాని కార్బన్ మార్చి, దాన్ని రెండో స్థానానికి జరిపేలా పైపులు, వాల్వులు పెట్టుకోవాలి. అప్పుడు మొదటి ట్యాంకులో కార్బన్ పూర్తిగా వాడుకున్నాకే పారేస్తాం, రెండోది కాపలా ఉంటుంది. కార్బన్ మీద కనీసం సగం ఎత్తు ఖాళీ వదలాలి. వెనక్కి కడిగేటప్పుడు, అంటే కింది నుంచి పైకి నీరు పంపి కడిగేటప్పుడు, అది పొంగుతుంది. చాలాచోట్ల ట్యాంకు నిండా పోసేసి, కడిగిన ప్రతిసారీ కార్బన్ డ్రైనులోకి పోగొట్టుకుంటున్నారు.

కొత్త కార్బన్ పోసిన రోజే మోటారు వేయకూడదు. ఒక రోజంతా నీటిలో నానాలి. లేకపోతే రంధ్రాల్లో గాలి వల్ల గింజలు తేలి కొట్టుకుపోతాయి. తర్వాత నల్లనీరు ఆగేదాకా వెనక్కి కడగాలి.

ఇసుక ఫిల్టరు ఉన్న ఊళ్లకు ఇంకో పద్ధతి ఉంది. లండన్‌కు నీరిచ్చే థేమ్స్ వాటర్ సంస్థ నెమ్మది ఇసుక ఫిల్టర్లలో ఇసుక పొరల మధ్య 15 సెంటీమీటర్ల కార్బన్ పొర పరిచింది. గంటకు 10 సెంటీమీటర్ల వేగంతో పారే నీటికి ఆ పొరలో గంటన్నర సావాసం దొరుకుతుంది. కొత్త ట్యాంకు, కొత్త మోటారు అక్కర్లేదు. అయితే అదే ఊరికి 115 చదరపు మీటర్ల ఫిల్టరులో 8 టన్నులకు పైగా కార్బన్ పడుతుంది. ఒక్క పంచాయతీకి భారం. చాలా గ్రామాలకు నీరిచ్చే సమగ్ర రక్షిత పథకాల్లో ఆలోచించవచ్చు.

డబ్బు లేని ఊరికి పొడి కార్బన్. కాలువలు కట్టేసిన రెండు నెలలే వాడుకోవచ్చు. లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఆ ఊరికి రోజుకు 2.75 కిలోలు, అరవై రోజులకు 165 కిలోలు. పొడిని నేరుగా నీటి మీద చల్లితే తేలి ఒడ్డుకు చేరుతుంది. ముందు రోజే కిలోకు 15 లీటర్ల నీరు చొప్పున కలిపి నానబెట్టి, ముడి నీటి గొట్టంలో వదలాలి. అరగంట తర్వాత పటిక వేసి తేర్చాలి. పటికతో తేర్చే ట్యాంకు లేకుండా నేరుగా ఇసుక ఫిల్టరు మీదికి పంపితే రెండు మూడు రోజుల్లో ఫిల్టరు మూసుకుపోతుంది. క్లోరిన్‌తో కలిపి వేస్తే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

ఇళ్లలో కుళాయికి తగిలించే కార్ట్రిడ్జ్ గురించి రెండు మాటలు చాలు. అందులో అర లీటరు కార్బన్ ఉంటుంది. కుళాయి నిమిషానికి రెండు లీటర్లు పారితే సావాసం పదిహేను సెకన్లు. క్లోరిన్ వాసన పోతుంది. పురుగుమందు పోతుందని నమ్మకండి.

కార్బన్ పని అయిపోయిందని ఎలా తెలుస్తుంది? ఇక్కడే పెద్ద మోసం. క్లోరిన్ వాసన రావడం లేదు కాబట్టి కార్బన్ ఇంకా బాగుందని అనుకుంటారు. క్లోరిన్‌ను కార్బన్ పట్టి ఉంచదు, రసాయన చర్యతో విడగొడుతుంది. ఆ శక్తి ఏళ్ల తరబడి ఉంటుంది. పురుగుమందు పట్టే చోటు మాత్రం ఎప్పుడో నిండిపోయి ఉండవచ్చు. ట్యాంకు ఎత్తులో పావు, సగం, ముప్పావు దగ్గర మూడు శాంపిల్ కుళాయిలు పెట్టించాలి. ప్రతి నెలా వాటి నీటిని 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో పరీక్షిస్తే ఆకురసం ఎంతదాకా చేరిందో తెలుస్తుంది. పరికరం చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఉంది. మొదటి ట్యాంకు చివరి కుళాయి నీరు, లోపలికి వచ్చే నీరు దాదాపు ఒకటే అయితే కార్బన్ మార్చాలి. ఎండబెట్టి, వేడినీళ్లతో కడిగి మళ్లీ కొత్తదిలా చేస్తామనే వారి మాట వినొద్దు. వేడినీటికి బురద పోతుంది, పట్టుకున్న పురుగుమందు పోదు. 800 డిగ్రీల కొలిమిలో ఆవిరితో మళ్లీ గుల్లచేస్తేనే పోతుంది. అప్పుడు కూడా పదో వంతు దాకా కార్బన్ తరుగు పోతుంది.

వాడేసిన కార్బన్‌ను కాలువ గట్టున పోయకూడదు, చేలల్లో ఎరువుగా చల్లకూడదు. టెండరులోనే తిరిగి తీసుకెళ్లే బాధ్యత సరఫరాదారుడిదని రాయాలి. ఒక హెచ్చరిక ప్రాణాలకు సంబంధించినది. తడి కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. మూసి ఉన్న ట్యాంకులోకి కార్బన్ తోడడానికి దిగిన మనిషి ఊపిరాడక పడిపోతాడు, కాపాడడానికి దిగినవాడూ పడిపోతాడు. మూతలన్నీ తీసి, బ్లోయరుతో గాలి పంపి, ఆక్సిజన్ మీటరు చూసి, నడుముకు తాడు కట్టి, పైన ఒకరు కాపలా ఉన్నాకే దిగాలి. వీలైతే అసలు దిగకుండా నీటితో కలిపి పంపుతో తోడించాలి.

చేపల, రొయ్యల చెరువుల మురుగు కాలువలకు ఇనుము పూసిన కార్బన్ పెట్టి ఫాస్ఫేట్ తీస్తామన్న ప్రతిపాదనలకు మేము ఒప్పుకోం. యనమదుర్రు డ్రెయిను నీటిని కార్బన్‌తో శుద్ధి చేయడమంటే ఉప్పుటేరును చేదతో తోడడమే. మేత తగ్గించడం, చెరువు నీటిని నిలవ కుంటలో తేర్చి వదలడం, మంచినీటి కాలువకు మురుగు నీరు చేరకుండా తూములు సరిచూడడం, ఇవి చేయాల్సినవి.

కోనసీమలో చిప్ప బొగ్గు బట్టీలు ఉన్నాయి. మూడు నాలుగు కిలోల చిప్పకు ఒక కిలో బొగ్గు, రెండు మూడు కిలోల బొగ్గుకు ఒక కిలో కార్బన్ వస్తాయి. గోతుల్లో కాల్చే పద్ధతిలో పొగంతా ఊరి మీద పడుతోంది. ఆ పొగను కొలిమిలోనే మండించి ఆవిరికి వాడుకునే బట్టీలకు సాయం చేస్తే అంబాజీపేట చిప్ప డెల్టా చెరువులకే కార్బన్‌గా తిరిగి రావచ్చు. కొనేటప్పుడు ప్రతి లాటుకూ అయోడిన్ సంఖ్య (కార్బన్ పట్టే శక్తిని చూపే అంకె), తేమ, బూడిద, గట్టిదనం ఐఎస్ 877 పద్ధతిలో పరీక్షించిన కాగితం అడగాలి. మంచి చిప్ప కార్బన్‌కు అయోడిన్ సంఖ్య 900 పైన ఉంటుంది. 500 చూపిస్తే అది సగం ఉడికిన బొగ్గు. మోడిఫైడ్ అని రాస్తే దేనితో మార్చారు, ఎంత శాతం, ఏ కాలుష్యం కోసం అని రాతపూర్వకంగా చెప్పమనాలి. చెప్పలేకపోతే కొనొద్దు.

గ్రామీణ నీటి సరఫరా అధికారులను మేము కోరేది ఒకటే. ఇప్పుడు నీటి శాంపిళ్లు ఎక్కువగా కాలువ పారే రోజుల్లో తీస్తున్నారు. కాలువలు కట్టేసిన చివరి వారంలో, నీరు అడుగంటినప్పుడు తీయండి. చెరువు మధ్యలో సగం లోతు నుంచి ఒకటి, చివరి వీధి కుళాయి నుంచి ఒకటి. పురుగుమందుల పరీక్షకు గోధుమరంగు గాజు సీసాలోనే పట్టి, ఐసులో పెట్టి, వారం లోపు ల్యాబుకు చేర్చాలి. ప్లాస్టిక్ సీసా అయితే కొంత మందును సీసాయే పీల్చుకుంటుంది. అమోనియా, నైట్రేట్, ఇనుము, రంగు, టీడీఎస్, మిగులు క్లోరిన్ అంకెలు పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయించండి. ఏ ఊరికి ఏ కార్బన్ కావాలో, అసలు కావాలో వద్దో ఆ బోర్డు చూసి చెప్పవచ్చు.

ఇట్లు,
నీటి శుద్ధి, నీటి పరీక్షల పనిలో ఉన్న కొందరు,
భీమవరం, అమలాపురం